బండి కుడికి లాగుతోంది

మళ్ళీ కుడికి లాగింది. ఈసారి నెపం రోడ్డు మీద వేయడానికి లేదు. కంకిపాడు దాటాక రోడ్డు నున్నగా ఉంది, గుంటల్లేవు, పక్కగాలి లేదు. ముందు వెళుతున్న అరటిగెలల ఆటో కాస్త నెమ్మదించిందని బ్రేకు మీద కాలు వేశాను, అంతే, చిన్నపిల్ల చెయ్యి విడిపించుకుని పరిగెత్తబోయినట్టు స్టీరింగు నా చేతుల్లోంచి కుడివైపుకి తిరగబోయింది. వెనక్కి లాక్కున్నాను. ఆటో వెనక రాసిన దుర్గమ్మ దీవెన అన్న అక్షరాలు నేను అనుకున్నదానికంటే బాగా దగ్గరికి వచ్చి, మళ్ళీ మెల్లగా దూరమయ్యాయి. నా పక్క సీట్లో కీర్తన చెవుల్లో తన పాట పెట్టుకుని పెదవులు కదుపుతోంది, ఏమీ గమనించలేదు. పదమూడేళ్ళది. ఒంటి నిండా నాట్యం దుస్తులు, నడుం ముందు విచ్చుకునే కుచ్చిళ్ళు, జడ పొడవునా పూలు, చెవుల దాకా లాగిన కాటుక. సాయంత్రం అయిదున్నరకి కూచిపూడిలో దాని మొదటి ప్రదర్శన. వెనక సీట్లో మా మామయ్యగారు, రామకోటేశ్వరరావుగారు, పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు. ఈ ఇద్దరినీ నేను అక్కడికి చేర్చాలి. నా కాలి కింద ఉన్న బ్రేకుని నిన్న నేనే విప్పాను, నేనే బిగించాను, అది సరిగా లేదు. ఈ ముక్క మనసులో అనుకోవడానికే నాకు మూడు ఊళ్ళు పట్టింది.

మొదటిసారి పోరంకి సెంటర్లో. ఎర్రలైటు పడితే ఆపాను, ఆగాల్సిన చోటికి రెండడుగులు దాటి, కాస్త వాలుగా ఆగింది. రోడ్డే వాలుగా ఉందిలే అనుకున్నాను. రెండోసారి పెనమలూరు దగ్గర గేదె అడ్డం వచ్చినప్పుడు. టైర్లలో గాలి సమంగా లేదేమో అనుకున్నాను. కావలసిన జవాబు ముందే రాసుకుని దానికి తగ్గట్టు లెక్క దిద్దుకోవడం అంటే ఇదే. నా దగ్గర ఇంటర్ చదివే పిల్లలు రికార్డు పుస్తకాల్లో చేసే పని ఇదే, నేను ఎర్రసిరాతో కొట్టేస్తాను, ఇరవై ఏళ్ళుగా ఫిజిక్సు చెప్తున్న మనిషిని కదా. నువ్వు చదివింది ఫిజిక్సు సాయిశ్రీ, మెకానిక్కు పని కాదు అని మా ఆయన లక్ష్మీకాంత్ నవ్వాడు. బ్రేకు ప్యాడ్లు అరిగాయి, ఆటోనగర్‌లో మా బండి చూసే ఫిలిప్ మంగళవారం దాకా కుదరదన్నాడు, అయితే నేనే మారుస్తాను అన్నందుకు ఆ నవ్వు. ఆయనది బందరులో ఉద్యోగం, అటు నుంచి అటే కూచిపూడి వచ్చి హాలు ముందు నిలబడి ఉంటాడు, నేను బండి దిగుతుంటే ముందు టైర్ల వైపు చూస్తాడు, నాకు తెలుసు. ఆ చూపు కోసమే కదా ప్యాడ్లు మార్చే వీడియో పదకొండుసార్లు చూశాను. నిన్న మధ్యాహ్నం పటమటలో మా అపార్టుమెంటు కింద జాకీ పెట్టాను. మామయ్యగారొక్కరే నా పక్షం. పీట వేసుకుని పక్కన కూర్చుని స్పానర్లు అందించారు, వచ్చేపోయే వాళ్ళందరికీ మా కోడలు బ్రేకులు మారుస్తోందండీ అని అడక్కుండానే చెప్పారు. సాయంత్రం వీధి చివరిదాకా నడిపి చూస్తే బండి చక్కగా ఆగింది, కాకపోతే ఆగేటప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా కీచుమంది. కొత్త ప్యాడ్లు నాలుగు రోజులు అలాగే అరుస్తాయి, తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి అని వీడియోలో చెప్పారు. ఇవాళ కీచు లేదు. ఒక్క రాత్రిలోనే సర్దుకున్నాయని పటమట దాటేదాకా మురిసిపోయాను.

భయపడేది ఎలాగూ భయపడుతున్నాను, కాస్త వరసగా భయపడదాం. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. దిగడం లేదు, నిన్నటంత గట్టిగానే ఉంది. ఆయిల్ కారిపోతుంటే నా ముందు ఎర్రదీపం వెలగాలి. వెలగలేదు, ప్రతి కిలోమీటరుకీ చూస్తున్నాను. కుడికి లాగుతోందంటే కుడి చక్రం పట్టుకుంటోంది, ఎడమది పట్టుకోవడం లేదు, అంతే కదా, ఇందులో పెద్ద శాస్త్రం ఏముంది. ఎడమది ఎందుకు పట్టుకోవడం లేదు. చక్రంతో పాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంది, దాన్ని రెండువైపుల నుంచీ ప్యాడ్లు పట్టకారులా నొక్కితే బండి ఆగుతుంది. ఆ పట్టకారుని ఊడిపోకుండా పట్టి ఉంచేవి రెండు బోల్టులు, పైన ఒకటి, కింద ఒకటి. కింది బోల్టు. ఎడమ చక్రం కింది బోల్టు చేతిలో ఉండగానే ఫోను మోగింది. కాలేజీ నుంచి జయంత్ గారు, సోమవారం పరీక్ష పేపరులో ఏదో ప్రశ్న రెండుసార్లు పడిందట. లేచాను, గుడ్డకి చేతులు తుడుచుకున్నాను, మెట్ల దాకా నడుచుకుంటూ మాట్లాడాను, తిరిగి వచ్చాను. వచ్చి ఏం చేశాను. స్పానరు పీట పక్కన ఉంది, అది గుర్తుంది. మామయ్యగారు మంచినీళ్ళు తాగుతున్నారు, అదీ గుర్తుంది. నా చేతులు గుర్తులేవు. బిగించాక దాని మీద తెల్ల పెయింటుతో గీత పెట్టుకోవాలి మేడమ్, మన బుర్ర మర్చిపోద్ది, గీత మర్చిపోదు అని పోయినేడు ఫిలిప్ చెప్పాడు. పెయింటు ఎక్కడిది, పేపర్లు దిద్దేటప్పుడు వాడే తెల్ల వైట్‌నర్ సీసా తెచ్చుకున్నాను. కుడి చక్రం బోల్టులకి గీతలు పెట్టాను, ఆ గీతలు కళ్ళ ముందున్నాయి. ఎడమవైపు పై బోల్టుకి పెట్టాను. కిందిదానికి ఎంత వెతికినా గీత కనబడదు, వెతుకుతున్నది నా తలలో కాబట్టి. బోల్టు కొద్దికొద్దిగా వదులవుతూ వచ్చి ఊడిపోతే ఆ పట్టకారు ఒక్క బోల్టు మీద వేలాడుతుంది, చక్రం లోపల తగులుతుంది, చక్రం బిగుసుకుపోతుంది, అరవైలో వెళుతున్న బండి ముందు చక్రం ఒకటి బిగుసుకుపోతే ఏమవుతుందో నేను నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించగలను. నలభైకి తగ్గించాను. వెనక లారీ హారన్ కొట్టి కొట్టి దాటుకుపోయింది.

ఆపాలి. ఆపి చూస్తే తెలిసిపోతుంది. ఎడమవైపు లాగి నిలబెట్టి, వంగి, ఫోను లైటు వేసి చూస్తే రెండు నిమిషాల పని. చూశాక బోల్టు లేకపోతే ఇక బండి కదలదు, కీర్తన ప్రదర్శన పోతుంది, రెండేళ్ళుగా అది తెల్లవారుజామున లేచి పాదాలు వాచేదాకా చేసిన సాధన పోతుంది, లక్ష్మీకాంత్ ఫోనులో ఏమీ అనడు, ఊఁ అంటాడు, ఆ ఊఁ ఇరవై ఏళ్ళు వినాలి. చూడకపోతే బోల్టు ఉన్నట్టే. ఉయ్యూరులో ఆపుదాం అనుకున్నాను, అక్కడైతే మెకానిక్కులుంటారు. ఉయ్యూరు వచ్చింది. బైపాస్ మీద అందరూ ఎనభైలో పోతారని భయపడి ఊళ్ళోంచి తిప్పాను. ఇటెందుకమ్మా అన్నారు మామయ్యగారు. మీకు చెరకు ఫ్యాక్టరీ చూపిద్దామని అన్నాను, ఆయన పొంగిపోయారు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఇక వెనక సీట్లోంచి చెరకు బళ్ళ కథ మొదలైంది, వాళ్ళ ఊరు మొవ్వ దగ్గర నుంచి ఈ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రోజులు, మైలు పొడవున బళ్ళ వరస, అన్ని ఇరుసులూ ఏడుస్తుంటే తన బండి ఒక్కటే చప్పుడు చేసేది కాదట, గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి తనే స్వయంగా కందెన పెట్టేవారట, ఇనుము అరిచిందంటే దానికి దాహం వేసినట్టే అమ్మా అంటున్నారు. నేను ఊఁ కొడుతున్నాను, ఎడమవైపు ఒక షెడ్డు ముందు నాలుగు టైర్లు, నీలం బోర్డు, మెకానిక్కు, ఇక్కడే ఆపాలి, ఆదివారం, షట్టరు సగం దించి ఉంది, సగం తెరిచి కూడా ఉంది, దాటిపోయింది. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళలేదు. బ్రేకు వేయడానికి భయపడి బ్రేకు షాపు దాటేశాను. అప్పుడు కీర్తన చెవిలోంచి తీగ లాగి, బెల్టు పెట్టుకో అన్నాను. బయలుదేరేటప్పుడు కుచ్చిళ్ళు నలుగుతాయని అదే వద్దంది, నేనే సరేనన్నాను. నలుగుతాయమ్మా అంది మళ్ళీ. నలిగితే నలగనీ, పెట్టుకో. నా గొంతు ఎలా వినిపించిందో, అది వెంటనే పెట్టుకుంది. బెల్టు టిక్కుమని పడిన చప్పుడుకి నాకు కాస్త ఊపిరాడింది, ఆ మాత్రం చేశాను కదా అనిపించింది, ఇంకో పది కిలోమీటర్లు నడపడానికి అది సరిపోయింది.

సైకిలు బ్రేకు రబ్బరు చిన్నది, బొటనవేలంత ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు, మా తమ్ముడు సాయిగణేష్‌కి పదో ఏడు నడుస్తోంది, నాన్న సైకిలు ముందు చక్రానికి ఆ రబ్బరు ఎప్పుడూ రాసుకుంటూ ఉండేది, తొక్కలేక కాళ్ళు పీకేవి. ఒకరోజు రబ్బరు ముక్క లాగేసి పరికిణీ బొడ్డులో దోపుకున్నాను. చక్రం హాయిగా తిరిగింది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. ఆ సాయంత్రం నాకు తెలియకుండా వాడు తీసుకుపోయాడు, కాలువ లాకుల దగ్గర దిగుడులో సైకిలు ఆగలేదు, రాతిమెట్ల మీద పడ్డాడు, నీళ్ళలో పడి ఉంటే దొరికేవాడు కాడని అందరూ అన్నారు. కనుబొమ్మ మీద ఆరు కుట్లు. కట్టు కట్టించుకుని వచ్చిన పిల్లవాణ్ణి నాన్న వీపు మీద కొట్టారు, సైకిలు బ్రేకు ఏం చేశావురా అని. వాడు, నేను చూసుకోలేదు నాన్నా, ఎక్కడో ఊడిపోయి ఉంటుంది అన్నాడు. రబ్బరు నా బొడ్డులోనే ఉంది. నోరు తెరవలేదు. మర్నాడు దాన్ని కాలువలో పడేశాను. ముప్పై ఏళ్ళయింది, వాడికి పెళ్ళయింది, పిల్లలున్నారు, ఇప్పటికీ ఎవరైనా ఆ మచ్చ గురించి అడిగితే, చిన్నప్పుడు నేనే చూసుకోలేదండీ అంటాడు. ఆ మాట వాడు నా ముందే చెప్తాడు, నేను కాఫీ కలుపుతూ ఉంటాను. ఇప్పుడెందుకు ఇది. ఎర్రదీపం చూడు. వెలగలేదు. పామర్రు వచ్చేసింది.

పామర్రు సెంటర్లో బ్రేకు తాకకుండా దాటాను. దూరం నుంచే గేరు తగ్గించి, మూడు, రెండు, ఇంజను గుర్రుమంటూ బండిని పట్టుకుంటే, చేతి బ్రేకు కొద్దికొద్దిగా ఎత్తుతూ. అది వెనక చక్రాలది, వాటి జోలికి నేను పోలేదు, అవి కంపెనీ వాళ్ళు బిగించినట్టే ఉన్నాయి. ఏంటమ్మా బండి అరుస్తోంది అంది కీర్తన. రోడ్డు బాలేదు కదా అన్నాను. ఇది మూడో అబద్ధమా, నాలుగోదా. చేతులకి చెమట పట్టి స్టీరింగు జారుతోంది, ఒక్కో చెయ్యీ తీసి చీరకి తుడుచుకుంటున్నాను. ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న, ప్రపంచంలో రేపటి నుంచి ఘర్షణ లేకుండా పోతే ఏమవుతుంది అని. ముందు బెంచీల వాళ్ళు యంత్రాలు అరగవు మేడమ్ అంటారు. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, నడవలేం మేడమ్, ఎక్కడివాళ్ళం అక్కడ జారిపోతాం అంటారు, క్లాసంతా నవ్వుతుంది. ఆగలేం అని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. నేను కూడా చెప్పలేదు. ఇంకా ఆరేడు కిలోమీటర్లు. ఇంత దూరం వచ్చాక ఇప్పుడు ఆపి ఏం చెప్పను, పోరంకి నుంచీ ఇలా ఉంది అని ఎలా చెప్పను. ఎంత ఆలస్యం చేస్తే అంత చెప్పలేనిదైపోతోంది. పోరంకిలో అయితే ఒక్క మాటతో పోయేది.

కూచిపూడి రోడ్డులోకి తిరగగానే కుడివైపు కాలువ వచ్చి పక్కన నడవడం మొదలుపెట్టింది, నిండుగా, రోడ్డు అంచుకి నాలుగు బారల దూరంలో. డిసెంబరు కదా, కోతలయ్యాయి, ఎడమవైపు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అక్కడక్కడ రాశులు పోసి ఉంది, అంచు తెలియడానికి వరసగా రాళ్ళు పేర్చారు. ఆ రాళ్ళని దాటకూడదు, కాలువ వైపు వెళ్ళకూడదు, నాకు మిగిలింది ఒక బండి పట్టేంత దారి. బ్రేకు వేసిన ప్రతిసారీ ఈ బండి వెళ్ళాలనుకునేది కాలువ వైపే. ముప్పై అయిదు. ముప్పై. వెనక ఎవరూ లేరు, దేవుడా, ముందు కూడా ఎవరూ రాకూడదు. ధాన్యంలో ఒక పెద్దావిడ పాదాలతో గింజల్ని తిరగేస్తూ నెమ్మదిగా నడుస్తోంది, ఆవిడ వెనకాల సన్నటి చాళ్ళు పడుతున్నాయి. ఆవిడకి దారివ్వడానికి కొంచెం, కొంచెమే, కాలు నొక్కాను. లాగింది. నీళ్ళు కనిపించాయి. సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే కీర్తన ముక్కు ఎగబీల్చి, ఏదో వాసన అంది. నాకూ వచ్చింది, కాలుతున్న నూనె వాసన, బరువైన వాసన, గొంతులోకి దిగి కూర్చునే వాసన, ఎక్కడిదో బాగా తెలిసినది. ఇంజను నూనె కాదు. కీర్తన ఆరునెలల పిల్లగా ఉన్నప్పుడు ఇల్లంతా ఇదే వాసన, మామయ్యగారు అరచేతిలో వెచ్చజేసి, ఊపిరి బిగబట్టి, దాని మాడు మీద రెండు వేళ్ళతో అద్దేవారు. నేను కూడా ముట్టుకోవడానికి భయపడే ఆ మెత్తటి చోటు మీద ఆయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

"ఆముదం కదా తాతయ్యా?" అంది కీర్తన వెనక్కి తిరిగి.

"అదేనమ్మా," అన్నారాయన, సంతోషంగా. "పొద్దున్న మీ అమ్మ నీకు జడ వేస్తుంటే కిందికెళ్ళి చక్రంలో కాస్త పోశాను. నిన్నంతా పాపం అరుస్తూనే ఉందిగా. కుడివైపు గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి పట్టలేదు, ఎడమదానికే పోశా. చూశావా అమ్మాయ్, చప్పుడే లేదు."

నా తప్పు కాదు. ముందు వచ్చిన ఆలోచన ఇదే, సిగ్గులేకుండా ఇదే. పక్కన నా కూతురు కూర్చుని ఉంది, నాలుగు బారల దూరంలో కాలువ ఉంది, ఎడమ చక్రానికి ఆముదం పట్టి ఉంది, నాకు మాత్రం నెత్తిమీద నుంచి గడ్డిమోపు దించినట్టయింది. బోల్టు ఉంది. గీత ఉంది. జయంత్ గారి ఫోను తర్వాత వచ్చి కూర్చుని బిగించాను, గీత పెట్టి సీసా మూత పెట్టాను, ఇప్పుడు నా చేతులు కూడా గుర్తొస్తున్నాయి. పెద్దాయన చేసిన పని, పాపం, ఇరుసు అనుకున్నారు. లక్ష్మీకాంత్‌కి చెప్పుకోవచ్చు, మీ నాన్నగారే అని, ఇక ఊఁ అనడానికి కూడా ఉండదు. ఇలా అనుకుంటూ ఉన్నాను, ఇంత నీచంగా, ఇంత హాయిగా, అప్పుడు వంపులోంచి గడ్డి ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరు కనబడలేదు, గడ్డే కనబడింది, రోడ్డంత వెడల్పున పచ్చటి గోడ కదిలి వస్తున్నట్టు. కాలు దానంతటదే నొక్కింది. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి ఆగడం లేదు, ముక్కు కాలువ వైపు తిరిగింది, నీళ్ళ మీద ఎండ, అవతలి గట్టు మీద కొంగ, అది ఎగరలేదు. వదులు. బ్రేకు వదులు. ఎవరు చెప్పారో తెలియదు, నేనే చెప్పుకున్నానేమో, ఆగాలంటే ముందు బ్రేకు వదలాలి. కాలు తీశాను. స్టీరింగు ఎడమకి తిప్పాను, ఇంకా, ఇంకా, రెండో గేరు, చేతి బ్రేకు పైదాకా. రాయి ఒకటి కింద ఠంగుమంది. తర్వాత ఒక్కసారిగా వానలాంటి చప్పుడు, గింజలు, అడుగునంతా గింజలు, కీర్తన బెల్టులోకి ముందుకి తూగి వెనక్కి పడింది. ధాన్యం రాశిలో ముక్కు దూర్చి బండి ఆగింది. ఇంజను ఆగిపోయింది. కుడిపక్క నుంచి గడ్డి మా అద్దాన్ని రాసుకుంటూ చాలాసేపు వెళ్ళింది.

కీర్తన ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. దాని చెయ్యి పట్టుకుంటే వేళ్ళు మంచులా ఉన్నాయి. తలుపు తీసుకుని దిగాను, కారు పట్టుకుని ముందువైపుకి నడిచాను, చేతులతో ధాన్యం తోసి, వంగి, తిరిగి ఉన్న ఎడమ చక్రం లోపలికి ఫోను లైటు వేశాను. రెండు బోల్టులూ ఉన్నాయి. రెండింటి మీదా తెల్ల గీతలు, పేపరు మీద దిద్దినంత శుభ్రంగా. వాటి పక్కన పళ్ళెం నల్లగా మెరుస్తోంది, ఆముదం కారి దుమ్ము అంటుకుని అట్ట కట్టింది, చక్రానికి ఆనించిన నా చేతికి కూడా అంటింది. నా పని సరిగానే ఉంది. దాన్ని అలా చూస్తూ ఉండిపోయాను, అంతకు మించి ఏమీ అనిపించలేదు. ట్రాక్టరు అతను ఆపి పరిగెత్తుకొచ్చి, వంపులో కనబడలేదండీ, నాదే తప్పండీ అంటున్నాడు. ధాన్యం దగ్గరి పెద్దావిడ తిట్టడానికే వచ్చింది, కారులో పూలూ కాటుకతో ఉన్న పిల్లని చూసి తిట్టు మింగేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మామయ్యగారు పూలబుట్టతోనే దిగారు. పోనీలేమ్మా, అతను కూడా ఒప్పుకున్నాడుగా, ఎవరికీ ఏమీ కాలేదుగా అన్నారు. ఎంత సులువు. ట్రాక్టరు అతనిది అనేస్తే ఇక్కడితో సరి. అలా అనేస్తే వచ్చే ఆదివారం ఆయన మళ్ళీ ఆముదంతో కిందికి దిగుతారు, ఈసారి కుడివైపుకి కూడా చెయ్యి పట్టేలా బండి పెట్టమంటారు.

"మామయ్యగారూ," అన్నాను, "బ్రేకుకి ఆముదం పోయకూడదండీ. అది ఇరుసు కాదు. అక్కడ రాసుకుంటేనే బండి ఆగుతుంది."

రైతు ఆయన, రెండోసారి చెప్పక్కర్లేదు. చక్రం వైపు చూశారు, కాలువ వైపు చూశారు, తర్వాత కారులో కూర్చున్న మనవరాలి వైపు చూశారు. పూలబుట్టని కారు మీద పెట్టి తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నారు. ఆ ముఖం నాకు తెలుసు. కనుబొమ్మ మీద కట్టుతో, వీపు మీద దెబ్బలతో, నేనే చూసుకోలేదు నాన్నా అన్న ముఖం. ఇక్కడ నేను నోరు మూసుకుంటే చాలు, ఈయన మిగిలిన బతుకంతా ఈ కాలువ గట్టు మీదే నిలబడి ఉంటారు. బొడ్డులో ఆ రబ్బరు ముక్క ఇంకా ఉన్నట్టు, చల్లగా తగిలింది.

"మీ ఒక్కరిదీ కాదండీ. బండి పక్కకి లాగుతోందని నాకు పోరంకి దగ్గరే తెలిసింది."

"పోరంకి దగ్గరా?" ఆయన గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. "మరి ఆపలేదేమ్మా?"

జవాబు నా దగ్గర ఉంది. మీ అబ్బాయి నవ్వుతాడని. అంతే, అంత చిన్నది. ఆ చిన్నదాన్ని ఈ నీళ్ళ పక్కన, ఈ ముసలాయన ముందు పెట్టడానికి నోరు రాలేదు. ఇంతలో కీర్తన బెల్టు విప్పుకుని దిగింది. భుజం నుంచి నడుం దాకా ఏటవాలుగా, కుచ్చిళ్ళకి అడ్డంగా బెల్టు మడత, ఇస్త్రీ పెట్టినంత గట్టిగా. ఇక ఆ మడత ఇప్పట్లో పోదు, వేదిక మీద ముందు వరసలో వాళ్ళందరికీ కనబడుతుంది. అది తన మడత వైపు చూసుకుంది, నా వైపు చూసింది.

"ఉయ్యూరులో నన్ను బెల్టు పెట్టుకోమన్నావు," అంది.

అటుగా వస్తున్న ఆటోని ట్రాక్టరు అతను చెయ్యెత్తి ఆపుతున్నాడు. అవునమ్మా, అప్పటికే తెలుసు, అన్నాను. అని, ఏం చెయ్యాలో తోచక, ఆ మడత సర్దుదామని చెయ్యి చాపాను. చేతికి ఆముదం అంటి ఉంది, వాసన వేస్తోంది. కీర్తన అర అడుగు వెనక్కి జరిగింది.